రెండు అతుకుల పని

మూడు రోజుల ప్రయాణానికి భర్త సంచీ సర్దుతోంది ఆవిడ. చొక్కాలు నాలుగు, బనీన్లు నాలుగు, రక్తపోటు మాత్రలు, గడ్డం గీసుకునే సామాను. అన్నిటి మీదా పెట్టడానికి హెడ్‌ఫోన్ చేతిలోకి తీసుకోగానే వేళ్ళకి జిగట తగిలింది. చెవుల మీద ఆనే నల్లటి మెత్తల చుట్టూ ముప్పయ్యేళ్ళ గులిమి పసుప్పచ్చగా పేరుకుంది.

"అది తుడిచి పెట్టు. నలుగురూ చూసేది," అన్నాడాయన పక్కగదిలోంచి.

తుడిచింది. దూది స్పిరిట్లో ముంచి, ఊపిరి బిగబట్టి తుడిచింది. తర్వాత మైకు. దాని జల్లెడ కన్నాల్లో ఆయన మాటలతో పాటు పడిన తుంపర్లన్నీ ఎండి తెల్లగా గడ్డకట్టాయి. ఎంత మనిషైతే మటుకు ఇంత ఉమ్ము ఎక్కణ్ణించి వస్తుందో అనుకుంది. అనుకున్నందుకు భయం వేసింది. ప్రయాణమయ్యే మనిషి గురించి అలా అనుకోకూడదేమో. ఎవరు గడప దాటినా ఆవిడ గుండె ఒకసారి జారుతుంది. పాలవాడు చెయ్యి ఊపి వెళ్ళినా, మళ్ళీ వస్తాడో రాడో అని చూస్తుంది. అయినా ఆ రోజు ఆ మైకు మూతి చూస్తుంటే భయం కంటే అసహ్యమే ఎక్కువైంది.

ఆయనది హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్ళతోనో గాల్లో కబుర్లు చెప్పుకునే సరదా అది. అందులోనూ ఆయనకి కొత్త యంత్రాలు ఆనవు. గాజు బుడ్డీల్లాంటి వాల్వులతో నడిచే పాతకాలపు ట్రాన్స్‌మిటర్లే కావాలి. ఒక్కోటి మనిషంత బరువు. ఎక్కడ ఏ ముసలి ఆపరేటర్ పోయాడని తెలిసినా వెళ్ళి, వాళ్ళ కొట్టుగదిలో తుప్పు పట్టిన డబ్బా ఎత్తుకొచ్చేవాడు. క్లబ్బులో అందరూ ఆయన్ని గురువుగారు అంటారు. చచ్చిన యంత్రానికి ప్రాణం పోస్తాడని పేరు. ఈసారి పక్క జిల్లాలో పాత యంత్రాల ప్రదర్శన, శనివారం మధ్యాహ్నం ఆయనకి సన్మానం. యంత్రం ముందురోజే క్లబ్బు వ్యానులో వెళ్ళింది.

ప్రాణం పోసింది మాత్రం ఆవిడ.

పెళ్ళైన రెండో ఏడు ఆయన మొదటి డబ్బా తెచ్చి, నెల్లాళ్ళు కుస్తీ పట్టి, ఒక షాకు తిని, దుప్పటి కప్పి మూలన పెట్టేశాడు. ఆ మూల తుడవడం ఆవిడ పని. తుడుస్తూ తుడుస్తూ దాంతో వచ్చిన పుస్తకం దుమ్ము దులపడానికి తీసింది. తీసింది మళ్ళీ పెట్టలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని, అన్నం ఉడికేలోపు ఒక పేజీ, బట్టలు ఆరేలోపు ఒక బొమ్మ. ఏ గీత ఏ తీగో, ఏ గుర్తు ఏ ముక్కో తెలియడానికి ఏడాది పట్టింది. ఆ డబ్బా పలికిన రోజు ఆయన, "చూశావా, నేను పెట్టిన అతుకులు ఊరికే పోలేదు," అన్నాడు. అత్తగారు గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడి, "ఒళ్ళో పిల్ల ఉండాల్సిన వయసులో ఇనపడబ్బా పెట్టుకుంది, ఇల్లంతా ఒకటే కమురు కంపు," అంది. పిల్లలు పుట్టలేదు. డబ్బాలు మాత్రం ఏటేటా వచ్చాయి. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, ఆ ఇంట్లో సోకు ఒకరిది, కమురు కంపు ఒకరిది.

ఈ చివరి యంత్రానికి పదకొండు నెలలు పట్టింది. మూత విప్పేసరికి లోపల ఎలుకల గూడు, ఉచ్చ మరకలు, బొద్దింక గుడ్లు. పళ్ళు తోముకునే బ్రష్షుతో అంగుళం అంగుళం కడిగింది. ఆ కంపుకి ఆవిడకి అసహ్యం వెయ్యలేదు. ఎలుక తనకి తెలిసిన బతుకు తను బతికింది, ఇది నేను కట్టానని ఎక్కడా చెప్పుకోలేదు. మైనం కారిపోతున్న పాత కెపాసిటర్లు ఒక్కొక్కటే మార్చింది. ముట్టుకుంటే బిస్కట్టులా రాలిపోయే తీగలన్నీ కొత్తవి వేసింది. పెద్ద కరెంటు ఉన్న చోట ఎప్పుడూ ఒక్క చెయ్యే లోపల పెట్టి, రెండోది నడుం వెనక దాచుకునేది. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గుండె మీదుగా పోతుందని పుస్తకంలో చదువుకుంది. స్నేహితులు వచ్చినప్పుడు ఆయన ఆ భంగిమ అనుకరించి చూపించేవాడు. "మా ఆవిడ స్విచ్చు వెయ్యాలన్నా ఇలా బళ్ళో పిల్లలా చెయ్యి వెనక్కి పెట్టుకుంటుంది!" అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడ కాఫీ ఇచ్చేది.

ఒక్క సంగతి మాత్రం ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ట్రాన్స్‌మిటర్ వేశాక ఒక మీట తిప్పుతూ మీటరు ముల్లు చూడాలి. ముల్లు పైనించి కిందికి దిగి, ఒకచోట బాగా అడుక్కి వెళ్తుంది. అక్కడ ఆపాలి. అప్పుడే శక్తంతా ఏరియల్లోకి పోతుంది. పైన ఉంటే ఆ శక్తి వాల్వులోనే మండుతుంది. కానీ ఆయన ముల్లు కిందికి దిగడం చూసి ఓర్చుకోలేడు. పైకి వెళ్తేనే గొప్ప. అందుకే ఇంట్లో ఎప్పుడూ ఆవిడే తిప్పి, ఇక్కడే ఉంచండి అని చాక్‌పీసుతో గీత పెట్టేది. ప్రదర్శనకి వెళ్ళే ముందు ఆ గీత ఆయనే చెరిపేశాడు, చూసేవాళ్ళకి బావుండదని.

సంచీ అడుగున తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్, రెండు మూడు విడిభాగాలు పెట్టబోయింది.

"ఇదెందుకు? నేను సన్మానానికి వెళ్తున్నానా, కూలికి వెళ్తున్నానా?" అని తీసి మంచం మీద పడేశాడు.

శుక్రవారం వెళ్ళాడు. శనివారం పొద్దున్న ఏడింటికి ఫోను మోగింది.

"ఇదిగో, రాత్రి నీ డబ్బా పొగలు కక్కింది."

పదకొండు నెలల్లో అది 'నీ డబ్బా' అవడం అదే మొదలు.

"ముల్లు ఎక్కడుందప్పుడు?"

"పైనే! బ్రహ్మాండంగా చివరిదాకా వెళ్ళింది."

"వాల్వు?"

"ఎర్రగా నిప్పుకణికలా భలే ఉందిలే. అందరూ ఫొటోలు తీశారు."

"ఎంతసేపు అలా ఉంచారు?"

"ఎంతసేపేమిటే, కార్యదర్శి ఉపన్యాసం అయ్యేదాకా." గొంతు తగ్గించాడు. "రెండున్నరకి సభ. అందరిముందూ నేను దాన్ని పలికించి చూపించాలి. పన్నెండుకల్లా వచ్చెయ్. వెనక గుమ్మంలోంచి రా. ఎవరైనా అడిగితే మాత్రలు మర్చిపోయానని చెప్పు. సామాను అన్నం కారియర్లో పెట్టుకో, కనపడకుండా."

మూడు గంటలు బస్సులో కారియర్ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పక్కనావిడ, "ఎవరికమ్మా అన్నం, ఆస్పత్రిలో ఉన్నారా?" అని అడిగింది. అవునంది. నోరు ఎంత తేలిగ్గా అబద్ధమాడుతోందో చూసి తనకే రోత పుట్టింది. ఎవరి కోసం ఆడుతున్నానివన్నీ? ముప్పై నాలుగేళ్ళుగా ఎవరేమడిగినా ఆయనే చేశారండీ, ఆయనే చేశారండీ. ఒక్కసారైనా ఎవరైనా బెదిరించి అనిపించారా? లేదే. చెప్పించుకోకుండానే చెప్పింది. ఆయన ఉమ్ము మైకు మీద ఎండినట్టే ఆయన మాటలు తన నోట్లో ఎండి గడ్డకట్టాయి, వాటిని ఏ స్పిరిటు పెట్టి తుడవాలో తెలియదు.

వెనక గుమ్మం కప్పులు కడిగే గదిలోకి ఉంది. అక్కడ నిలబడి ఉండగా క్లబ్బు కార్యదర్శి చూశాడు.

"వదినగారూ! గురువుగారి మాత్రలటగా? భార్య అంటే మీరండీ. ఎలాగూ వచ్చారు, కాస్త ఆ కప్పులు కడిగి పెడతారా? పనివాళ్ళు రాలేదివాళ."

వీల్లేదు అనుకుంది. అనుకుంటూండగానే చేతులు నీళ్ళల్లో ఉన్నాయి. నలభై కప్పులు కడిగింది. ఒకదాంట్లో సిగరెట్టు పీక నాని ఉబ్బి ఉంది. దాన్ని వేళ్ళతో తీసి పారేసింది.

ఒకటిన్నర దాటాక అందరూ భోజనాలకి వెళ్ళారు. ఆయన తలుపు దగ్గర కాపలా కాస్తూ, "కానీ, కానీ," అన్నాడు. ఆవిడ ప్లగ్గు పీకింది. కరెంటు తీసేసినా కెపాసిటర్లలో మనిషిని చంపేంత మిగులుతుంది గనక, యంత్రం పక్కనే వేలాడే, ఎర్తు తీగ కట్టిన కొక్కెం ఉన్న చెక్క కర్ర లోపలికి తాకించింది. టప్పుమని నిప్పురవ్వ ఎగిరింది. అప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని వంగి చూసింది. అదృష్టం, వాల్వు బతికే ఉంది. దాని కింద ఒక చిన్న రెసిస్టర్ మాడి బొగ్గై పోయింది. కత్తిరించి తీసేసింది. చిటికెనవేలంత కొత్తది పెట్టి, అటొకటి ఇటొకటి రెండు అతుకులు వేస్తే సరి. పావుగంట పని.

ఐరన్ వేడెక్కుతుంటే ఆయన ఏదో నములుతూ వచ్చి, ఆవిడ భుజం మీంచి లోపలికి తొంగి చూశాడు. నోట్లోంచి తడి ముక్క ఒకటి జారి సరిగ్గా వాల్వుల మధ్యన పడింది. పళ్ళ బ్రష్షుతో పదకొండు నెలలు కడిగిన చోట.

"పడింది," అంది.

"ఏం కాదులే, ఊదేస్తే పోతుంది," అని వంగి తనే గట్టిగా ఊదాడు. తుంపర్లు ఆవిడ మణికట్టు మీద పడ్డాయి. ఆవిడ మణికట్టు చీరకేసి తుడుచుకుంది.

అప్పుడే తలుపు తోసుకుని కార్యదర్శి వచ్చాడు. వెంట పొడుగాటి ముసలాయన, ఆ ప్రదర్శనకి న్యాయనిర్ణేత. వాళ్ళ వెనకే పదిమంది. ముసలాయన ఆవిడ చేతిలోని ఐరన్నీ, నడుం వెనక ఉన్న రెండో చేతినీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ మరమ్మతు చేసింది ఈవిడా?" అని అడిగాడు.

భర్త పగలబడి నవ్వాడు. "ఈవిడా! మా ఆవిడండీ. లోపల దుమ్ముందని తుడుస్తోంది. ఆడవాళ్ళకి దుమ్ము కనపడితే చేతులు ఊరుకోవు కదండీ."

అందరూ నవ్వారు. వాళ్ళతో పాటు ఆవిడ నోరు కూడా అలవాటుకొద్దీ నవ్వింది. తన నవ్వు తన చెవికే వినపడింది. మైకు మూతి కంటే, పీక నానిన కప్పు కంటే, తడి ముక్క కంటే ఆ నవ్వు అసహ్యంగా ఉంది. ఇక చాలు అనుకుంది.

"అవునండీ, తుడవడం అయిపోయింది," అంది ముసలాయనతో. "మాడిన ముక్క తీసేశాను. కొత్తది ఇదిగో. ఇది పెట్టడం ఆయనకి రెండు అతుకుల పని."

రెసిస్టర్ భర్త ఎడమ చేతిలో పెట్టింది, వేడెక్కిన ఐరన్ పిడి వైపు నించి కుడిచేతికి అందించింది. ఆయన యంత్రంలోకి చూశాడు. లోపల నాలుగు వందల అతుకులున్నాయి, ఒక్కదానితోనూ పరిచయం లేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. హాల్లోకి జనం చేరుతున్నారు. కుర్చీలు చప్పుడవుతున్నాయి.

"ఎక్కడే?" అన్నాడు పెదవి కదపకుండా.

ముప్పై నాలుగేళ్ళలో ఆయన ఆవిణ్ణి అడిగిన మొదటి పని ప్రశ్న అది. ఆవిడకి జాలి వేసింది కూడా. చెప్పడానికి నోరు తెరిచింది. ఆయన పెదవి మూల నమిలిన ముక్క ఇంకా అంటుకునే ఉంది.

"మీరు చేసిందే కదండీ," అంది.

కర్ర కొక్కెం లోపలే తగిలించి ఉంచింది, పొరపాటున ఎవరి ప్రాణం మీదికీ రాకుండా. ప్లగ్గు అందరికీ కనపడేట్టు బల్ల మీద పెట్టింది. ముసలాయన పక్కకి తప్పుకుని దారిచ్చాడు. తల కొంచెం వంచాడు. ఆవిడ ఎదర గుమ్మంలోంచే, కుర్చీల మధ్యనుంచి నడిచింది. వెనక కార్యదర్శి, "గురువుగారూ, మొదలెడదామా?" అంటున్నాడు.

బస్టాండులో ఇంటికి వెళ్ళే బస్సు సిద్ధంగా ఉంది. దాని పక్కన చెల్లెలి ఊరి బస్సు. చెల్లెలు బట్టలు కుడుతుంది, దుకాణం ముందు గది ఖాళీగా ఉందని, రేడియోలు బాగుచేసే బల్ల వేసుకోమని ఎన్నేళ్ళుగానో అంటోంది. ఆవిడ కాసేపు రెండిటి మధ్యా నిలబడింది. వెళ్ళిపోయేది తనే అయితే గుండె జారదా అని చూసుకుంది. జారింది. జారుతూండగానే చెల్లెలి ఊరి బస్సెక్కింది.

ఆయన ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఇంటికి తిరిగొచ్చాడు. ఆవిడ రాలేదు. ఆ శనివారం మధ్యాహ్నం రెండుంబావుకి హాలు గుమ్మం దాటింది. ఆ తర్వాత పదిహేడేళ్ళు బతికింది, ఒక్కరోజు కూడా ఆ ఇంటికి రాలేదు.