దర్షిణి ద్వారా

తీసేయాలనుకుంటే ఎప్పుడో తీసేసి ఉండేది. పేరు పక్కనున్న చిన్న గీత మీద వేలు పెడితే చాలు, అరనిమిషం పని. మరి పద్నాలుగు నెలలుగా తీయలేదంటే కోపం పోయిందనుకోవాలా, లేక అక్కడ అతని పేరుందన్న సంగతే మరిచిపోయిందనుకోవాలా? మరుపైతే అది మేలే. కాని మరిచిపోయే మనిషి కాదు దర్షిణి. స్కూల్లో ఎరువిచ్చిన రబ్బరు ముక్కను కూడా నాలుగో రోజున గుర్తుపెట్టుకుని అడిగేది. అలాంటప్పుడు...

సైబర్‌జయలో రైలెక్కిన దగ్గర్నుంచి కిషేన్ ఈ ప్రశ్నను మొదలుపెట్టడం ఇది మూడోసారి. ఎప్పుడూ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆగినప్పుడు ఫోను తీసి పుస్తకం తెరుస్తాడు. ఇప్పుడూ తీశాడు. తెరుచుకుంది. పుట అడుగున బూడిదరంగు అక్షరాలు అలాగే ఉన్నాయి: దర్షిణి ద్వారా.

ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. చదవడానికి కాదు అతను తెరిచేది.

అవి ఒక ఆటకు సంబంధించిన పుస్తకాలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్లు అందులో మనుషులై మాట్లాడతారు, కొట్లాడతారు, పారిపోతారు. కత్తి దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. పాచికల మాటకు అర్థమేమిటో నియమాల పుస్తకాలు చెబుతాయి. అచ్చు పుస్తకాలు కావు, ఒక సైటులో ఉండేవి. పదకొండూ దర్షిణి కొన్నవే. కొన్నవాళ్లు తమ బల్ల దగ్గర ఆడేవాళ్ల పేర్లు రాసుకుంటే వాళ్లు కూడా చదువుకోవచ్చు. కథ నడిపేది కిషేన్ గనక అతని పేరే ముందు రాసింది. ఆ తరవాత ఒక శనివారం ఆటకు రాలేదు. మరో శనివారమూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. రెండుసార్లు చేసి అతనూ మానేశాడు. ఆట ఆగిపోయింది. పుస్తకాలు మాత్రం తెరుచుకుంటూనే ఉన్నాయి.

నిజానికి అతనికి కావలసింది క్షమ దొరకడం కాదు, దొరికిందేమో అన్న అనుమానం. క్షమ అయితే ఎదురుగా నిలబడి అడగాలి. అనుమానాన్ని ఎవరినీ అడగక్కర్లేదు. రోజూ పొద్దున రైల్లో కాస్త కాస్తగా వాడుకోవచ్చు.

అది కూడా రేపటితో సరి. గురువారం సైటు నుంచి మెయిలు వచ్చింది. అంతా కొత్త పద్ధతిలోకి మారుతోందట, ఆదివారం తరవాత పాత పంపకాలు చెల్లవట. సొంతదారులు తమ బల్ల మనుషుల పేర్లు మళ్లీ రాసుకోవాలి. ఇన్నాళ్లూ ఆమె ఏమీ చేయకపోవడమే అతనికి చాలింది. ఇప్పుడు ఆమె కూర్చుని, కిషేన్ అన్న పేరును అక్షరం అక్షరంగా కొట్టాలి.

బ్రిక్‌ఫీల్డ్స్‌లో దిగి అరటాకు భోజనం హోటలుకు వెళ్లేసరికి గణేశన్ అప్పటికే సగం తినేశాడు. బండ్ల విడిభాగాల కొట్టు ఆయనది, యాభై దాటిన మనిషి. ఆటలో మాత్రం పద్నాలుగేళ్ల దొంగపిల్ల వేషం ఆయనదే, ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు.

"ఏటిరా, మొకం అలగున్నాది? ఆపీసులో తిట్టినారేటి?"

"లేదన్నా. దర్షిణి..."

"ఓ, ఆ మెయిలా. నాకూ వచ్చినాది లా." ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించే గణేశన్ రసం దోసిట్లో పోయించుకుని తాగాడు. "నీ పేరు రాస్తాదో లేదో అని నిద్దరట్టలేదు, అంతే కదా? డేయ్, పుస్తకాలు కావాలంటే కొనుక్కో. పెద్ద ఉద్యోగం సేస్తున్నావు."

"పుస్తకాలకి కాదన్నా."

"మరేటికి?"

కిషేన్ ఆకు మీద అన్నాన్ని గుండ్రంగా సర్దాడు. ఎదుట కూర్చున్న మనిషికి చెప్పాలంటే ఎంత చిన్న విషయంగా ఉందో!

"ఆ దినం నాను గోబ్లిన్ల గొంతు సేసినాను కదా. అదే దానికి కోపం."

కథలో ఒక గుహ వచ్చింది. గుహల్లో ఉండే మరుగుజ్జు దొంగలే గోబ్లిన్లు. వాళ్లకు మనుషులకు తెలియని భాష ఒకటి ఉండాలి. అప్పటికప్పుడు కిషేన్ నోటికి వచ్చింది పోలమ్మ మాట. పోలమ్మ దర్షిణి అమ్మమ్మ, సొంతూరు తెలుక్ ఇంటాన్‌లో కిషేన్ వాళ్ల వీధికి అవతలి వీధి. కిషేన్ తాత ఎస్టేటులో గుమాస్తా, ఇంట్లో ఇంగ్లీషూ తమిళమూ తప్ప తెలుగు పండగకు కూడా వినబడేది కాదు. అతనికి వచ్చిన తెలుగంతా స్కూలు సెలవుల్లో పోలమ్మ అరుగు మీద, ఆమె పెట్టిన అన్నం తింటూ నేర్చుకున్నదే. గోబ్లిన్ల నాయకుడు కత్తి పైకెత్తి, అచ్చం ఆ ముసలి గొంతుతో, "ఏటి బాబూ, బువ్వ తిన్నారేటి?" అని అడిగాడు. బల్ల బల్లంతా పడీ పడీ నవ్వింది.

"గొంతుకా?" గణేశన్ విస్తరి మడవబోయినవాడు ఆగాడు. "ఆ దినం అందరికన్నా ఎక్కువ నవ్వినాది అదే కదరా! ఇంటికెల్లి వాళ్ల అమ్మమ్మకి సేసి సూపించినాదంట. ముసిల్ది కూడా నవ్వినాదంట. 'ఆ గుంటడు నా గొంతు బాగా పట్టినాడు' అన్నాదంట."

కిషేన్ చేయి నోటిదాకా వెళ్లి నిలిచిపోయింది. పద్నాలుగు నెలలుగా తను మోస్తున్న తప్పు, తప్పే కాదు.

"మరేటికి రాలేదు?"

"నాకేటి తెలుసు? ఓసారి అడిగినాను. 'సొంతంగా కనిపెట్టినాడంట అన్నా, గొప్పోడు' అన్నాది. అంతే, మాట మార్చేసినాది. ఏటి కనిపెట్టినావురా నువ్వు?"

"నానేటీ కనిపెట్టలేదు."

"అదే నానూ అనుకున్నాను. నీకంత బుర్ర ఏదీ!" గణేశన్ లేచి చేయి కడుక్కుని వచ్చాడు. కొట్టులో పనివాడు ఎదురుచూస్తున్నాడంటూ, పోతూ పోతూ భుజం మీద చేయి వేశాడు. "ముసిల్దానికి ఏటీ సెప్పలేదంట, తెలుసా? 'కిషేన్ గుంటడు రాడేటి' అని అడుగుతాదంట. పనెక్కువని సెప్పి ఊరుకుంటాదంట దర్షిణి. వస్తాను లా."

బయట ఎండ మందంగా ఉంది. పూలదుకాణం నీడలో బెంచీ ఖాళీగా కనిపిస్తే కూర్చున్నాడు. సొంతంగా కనిపెట్టడం. ఆ మాటకు లోపల ఎక్కడో చోటుంది, ఎక్కడో తెలియడం లేదు. నాలుక మీద ఉండి బయటికి రాని పేరులా వేధిస్తోంది. అలవాటుగా ఫోను తీశాడు. సైటులో ఈసారి పుస్తకానికి ముందు కొత్త పుట అడ్డం వచ్చింది: మార్పుకు ముందు మీవేవో సరిచూసుకోండి. రెండు వరుసలు. మీకు పంచినవి, పదకొండు. మీ సొంతం, ఒకటి.

సొంతమా? తను ఆ సైటులో ఏమీ కొనలేదే.

నొక్కాడు. "గోబ్లిన్ మాటలు" అని తెరుచుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. బల్ల దగ్గర అందరూ ఆ భాషలో మాట్లాడితే సరదాగా ఉంటుందని, ఒక మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని నలభై ఆరు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పెట్టాడు. ఏటి. బువ్వ. ఎల్లిపోనాడు. దెబ్బ తగిలినప్పుడు, ఒలమ్మో. పైన రకం అన్నచోట "కల్పిత భాష" అని ఉంది. దాని కింద, సృష్టికర్త: కిషేన్. లోకమంతా చూడవచ్చన్న గడిలో టిక్కు తీయడం మరిచిపోయాడు. రెండు వేలకు పైగా మనుషులు దాన్ని తీసుకున్నారు.

అంతవరకైతే పొరపాటు అనుకోవచ్చు. అడుగున ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాశాడు: ఎంత చక్కటి ధ్వనులు! ఈ భాషను ఎలా కనిపెట్టారు?

దాని కింద అతని జవాబు: థాంక్స్! ఏదో అలా వచ్చేసింది.

తారీకు చూశాడు. దర్షిణి రాని మొదటి శనివారానికి ముందు బుధవారం.

గుర్తు లేక కాదు. ఇప్పుడు చూస్తుంటే, ఆ మాట కొట్టినప్పుడు మెడ వెనక పాకిన చిన్న వేడి కూడా జ్ఞాపకం వస్తోంది. ఎవరో మెచ్చుకున్నారు, కాదనాలంటే పెద్ద కథ చెప్పాలి, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. ఆ తరవాత ఆమె రానప్పుడు మనసు రెండు కారణాలను చెరో చేతిలో పట్టుకుని తూచి, తేలికైనదాన్ని అతనికి అందించింది. గొంతు అనుకరించడం అల్లరి, అల్లరిని ఎవరైనా క్షమిస్తారు. రెండోదాన్ని చూడనక్కర్లేకుండానే రోజూ పొద్దున కుమిలిపోవచ్చు. మనిషి తనను తాను శిక్షించుకునేటప్పుడు కూడా ఎంత జాగ్రత్తగా నేరాన్ని ఎంచుకుంటాడు!

తొలగించు అన్న గుర్తు మీదికి వేలు పోయింది. ఆగాడు. తీసేస్తే తన తప్పు తన కళ్లకు కనిపించదు, అంతే. తీసుకున్నవాళ్ల దగ్గర ఆ మాటలు కిషేన్ సృష్టిగానే ఉంటాయి. తీసేయాలా, ఉంచి పోలమ్మ పేరు రాయాలా, ఇది తెలుగు అని చెప్పాలా? అది తేల్చవలసింది తను కాదు. ఇన్నాళ్లలో మొదటిసారి, ఆమెను తప్ప ఇంకెవరినీ అడగలేని ప్రశ్న ఒకటి దొరికింది.

మెసేజి రాయబోయాడు. మూడు వాక్యాలు కొట్టి చూసుకుంటే మూడింటిలోనూ పుస్తకాల మాటే ఉంది. చెరిపేశాడు. పూలదుకాణంలో ఆవిడ మల్లెలు మూరలు కొలుస్తూ ఇతనివైపు ఒకసారి చూసి మళ్లీ పనిలో పడింది. ఆట లేని శనివారం మధ్యాహ్నం దర్షిణి తెలుక్ ఇంటాన్‌లో అమ్మమ్మ దగ్గరే ఉంటుంది. ఎత్తకపోవచ్చు. ఎత్తి పెట్టేయవచ్చు. పేరు వెతికి నొక్కాడు.

చాలాసేపు మోగింది. చివరికి అవతల ఫ్యాను చప్పుడు వినిపించింది.

"దర్షిణీ, నాను కిషేన్‌ని. ఆ మాటలు నాను కనిపెట్టినానని రాసినాను. అబద్ధం రాసినాను," అన్నాడు.