తమ్ముడి బదులు

గుడ్ ఫ్రైడేకి ఇంకా పది రోజులుందనగా ఎల్లారెడ్డి చర్చిలో ఏడు మాటలు పంచారు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకు ఏడుగురు నిలబడి, తలా పావుగంట మాట్లాడాలి. రెండోది సునీల్‌కుమార్‌కు వచ్చింది. నేడే నాతో పరదైసులో ఉంటావని పక్క సిలువ మీది దొంగకు ప్రభువు ఇచ్చిన మాట అది. పాస్టరయ్య చీటీ చేతిలో పెడుతూ, ఈసారి అన్నదమ్ముల కథ చెప్పి తీరాలి, మూడేళ్లుగా ఎగ్గొడుతున్నావు అన్నాడు. వెనకాల ఆడవాళ్లు కూడా అవునవునన్నారు. సునీల్ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు పాపం.

ఆ కథేమీ అతని సొత్తు కాదు. ప్రసంగాలు చేసేవాళ్లందరూ ఏదో ఒక రకంగా చెప్పేదే. తమ్ముడు ఒకణ్ణి చంపి, నెత్తుటి చొక్కాతో ఇంటికి పరిగెత్తుకొస్తాడు. అన్న ఆ చొక్కా విప్పించి తాను తొడుక్కుంటాడు, తన తెల్లచొక్కా తమ్ముడికి తొడిగి పోలీసులకు ఎదురెళ్తాడు, ఉరికంబం ఎక్కుతాడు. మన పాపాన్ని ఆయన తొడుక్కున్నాడు, మనం ఊరికే ఒప్పుకుంటే చాలు అని చివర్లో చెప్పాలి. అందరూ చెప్పేది ఒక ఎత్తు, సునీల్ చెప్పేది ఒక ఎత్తు. గుండీలు ఒక్కొక్కటే విప్పుతున్నట్టు వేళ్లు ఆడిస్తుంటే ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ఎస్తేరును చేసుకోవడానికి బాప్తిస్మం తీసుకున్న పిల్లగాడు ఇంత గట్టి విశ్వాసి అవుతాడని ఆమె తండ్రి కూడా అనుకోలేదు.

అన్న రాజన్న సొంతూరు నాగిరెడ్డిపేటలోనే ఉండిపోయాడు. పోచారం కాలువ కింద రెండెకరాల వరి, ఒక ట్రాక్టరు. ఆయన చర్చి గడప ఎన్నడూ తొక్కలేదు. ఏటా పోచమ్మకు మేకను కోసే మనిషి. తమ్ముడు ఇంట్లో ప్రార్థన కూటం పెడితే మాత్రం వచ్చి, అరుగు మీద ఒక పక్కగా కూర్చుని, చాయ్ తాగి వెళ్లేవాడు. చాయ్ కోసమే వస్తాడని అందరూ అనుకున్నారు. సునీలూ అలాగే అనుకున్నాడు. ఆయన ఆ కథను పొల్లుపోకుండా విన్నాడనీ, దాన్ని ప్రసంగంలా కాక మనిషి చేయాల్సిన పనిలా విన్నాడనీ ఎవరికి తెలుసు?

2010 ఎండాకాలంలో, యాసంగి వరి కోతలప్పుడు, ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని సునీల్ అన్నకు సాయం వెళ్లాడు. వెళ్లినవాడు బస్తాలు మోసి ఊరుకోవచ్చు కదా. వడ్ల లోడు తానే నడుపుతానని పట్టుబట్టి స్టీరింగు ముందు కూర్చున్నాడు. లైసెన్సు లేదు. ఎప్పుడో పొలంలో రెండుసార్లు దున్నిన చనువు, అంతే. అన్న పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ఊరి మలుపులో పర్శరాములు సైకిలు మీద గడ్డిమోపుతో ఎదురొచ్చాడు. బ్రేకు మీదికి పోవాల్సిన కాలు పోలేదు. పర్శరాములు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు.

దిగమన్నాడు రాజన్న. సునీల్ దిగాడు. ఎల్లారెడ్డిలో ఒక బడిలో అతను అటెండరు. ఉద్యోగం పర్మనెంటు చేసే ఆర్డరు ఆ నెలలోనే వస్తుందంటున్నారు. కేసు మీద పడితే ఆ ఆర్డరు మాట మర్చిపోవాల్సిందే. రాజన్న జరిగి తమ్ముడు లేచిన సీట్లో కూర్చుని, రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నాడు. కల్లాల్లోంచి జనం అప్పుడే పరుగందుకున్నారు, సీటు మారడం ఎవరూ చూడలేదు.

"నువ్వే చెప్తివి గద తమ్మీ, ఒకని బదులు ఇంకొకడు మోయొచ్చని. నువ్వు ఊకే ఒప్పుకో, చాలు."

సునీల్ ఊరికే ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోగలిగినందుకు తన మీద తనకే ఆ తర్వాత అసహ్యం వేసింది గానీ, ఆ క్షణాన వేయలేదు. ఆ క్షణాన బతికిపోయానని అనిపించింది.

ఆర్డరు వచ్చింది. జీతం పెరిగింది. సంగతి తెలిసింది ఎస్తేరు ఒక్కదానికే. మొదట ఏడ్చింది, తర్వాత నిద్రపోతున్న పిల్లలిద్దర్నీ చూపించి ఊరుకుంది. అన్నింటికన్నా కష్టం వదినె గంగామణి ముందు కూర్చుని అన్నం తినడం. ఇరవై ఏళ్లు బండి నడిపిన మనిషికి ఆ రోజు కళ్లేమయ్యాయో అని ఆమె మొగుణ్ణి తిడుతూనే మరిదికి కూర వడ్డించేది. సునీల్ తల ఎత్తేవాడు కాదు.

కేసు దాదాపు మూడేళ్లు సాగింది. నేరం నాదేనని రాజన్న మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాడు. 2013 జనవరిలో కోర్టు ఏడాది శిక్ష వేసింది. పర్శరాములు తల్లి ఈరవ్వ ఆ రోజు వరండాలో నిలబడి ఉంది. పెళ్లీ పెటాకులూ లేని కొడుకు, ఒక్కగానొక్కడు పోయాక ఆమెకు ఇంకెవరూ లేరు. రాజన్న వెళ్లి ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఆమె వంగి అతని తల మీద చెయ్యి పెట్టింది.

"లే బిడ్డా. మాఫ్ చేసిన. నీ మీద నాకేం లేదు."

రాజన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తప్పు చేయనివాడికి అంత ఏడుపు ఎక్కడినుంచి వచ్చిందో తమ్ముడికి అర్థం కాలేదు. అతను అన్న చెప్పులు చేత్తో పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఆమె చెయ్యి అతనికి జానెడు దూరంలోనే ఉంది. అయినా అతని తల మీదికి ఎందుకొస్తుంది?

అదంతా జరిగి రెండు నెలలైంది. ఇప్పుడు జేబులో రెండో మాట చీటీ. దాన్ని జేబులో పెట్టుకునే సునీల్ బడికి సెలవు పెట్టి నిజామాబాద్ జైలుకు వెళ్లాడు. ములాఖత్ గదిలో ఇనుప జాలీ అవతల నిలబడ్డ అన్నతో, ఇక నా వల్ల కాదు, నేనే నడిపానని చెప్పేస్తానన్నాడు. రాజన్న మొదట నవ్వాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు. ఇప్పుడు నోరు తెరిస్తే గుద్దినందుకు ఒకడు, అబద్ధమాడినందుకు ఒకడు, ఇద్దరమూ లోపలే ఉంటాం, రెండిళ్లల్లో పొయ్యి ఆరిపోతుంది, నేనున్న ఈ రెండు నెలలూ మట్టిలో కలుస్తాయి అన్నాడు. సునీల్ అయినా వినలేదు.

"ఇచ్చినదాన్ని వాపస్ తీసుకోమంటవా?" అన్నాడు రాజన్న. "మీ దేవునికి గూడ గిట్లనే వాపస్ ఇస్తవా?"

సునీల్ ఒప్పుకుంటే చాలని ఊరూరా చెప్పినవాడే గానీ, ఒప్పుకున్నది గొంతులో అడ్డం పడితే ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. రాజన్న మాత్రం ఏమీ జరగనట్టే, కాలువ నీళ్లు చివరి మడిదాకా వస్తున్నాయా అని అడిగాడు. లోపలున్నవాడు పొలం సంగతి అడుగుతున్నాడు, బయటున్నవాడికి తిండీ నిద్రా లేవు. వినేవాళ్లకు నవ్వులాటే గానీ, పడేవాడికి కాదు.

తిరుగు బస్సులో సునీల్‌కు ఒక సంగతి తట్టింది. అన్న శిక్ష తీసుకున్నాడు, సరే. దాంతోపాటు మాఫీ కూడా అన్నకే పోయింది. నేరం చేసిన తనకు రెండూ దక్కలేదు. శిక్ష ఇమ్మంటే అన్న ఇవ్వడు. కనీసం మాఫీ అయినా అడిగి తెచ్చుకోవాలి, అది లేకుండా ఆ దొంగ గురించి నోరు తెరవలేననుకున్నాడు.

గుడ్ ఫ్రైడే పొద్దున ఎస్తేరు తెల్లబట్టలు ఇస్త్రీ చేసి పెట్టింది. ఆరాధన పన్నెండింటికి. ఆలోపు వచ్చేస్తానని చెప్పి, ఆ బట్టలతోనే నాగిరెడ్డిపేట బస్సెక్కాడు.

ఈరవ్వ ఇంటి ముందు నీడలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. రాజన్న తమ్ముడివి కదూ అని గుర్తుపట్టి గోనెపట్టా పరిచింది. అక్కడ ఆయనకు తిండి ఎట్లుంటుంది, ఒళ్లు బాగుందా అని తనే అడిగింది. ఆ అడగడం సునీల్‌కు భరించరానిదైంది.

"అవ్వా, ఆ దినం బండి నడిపింది మా అన్న గాదు. నేను."

ఈరవ్వ చేతిలో పండు పక్కన పెట్టింది. నా కాళ్ల మీద పడ్డప్పుడు ఆయనకు ఈ సంగతి తెలుసు కదా అని అడిగింది. తెలుసన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు కదా అంది. ఉన్నానన్నాడు. ఆమె కాళ్ల మీదికి వంగాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. కోపంగా ఏమీ కాదు, ఊరికే తీసుకుంది.

"మూడేండ్లు పట్టింది నాకు, గా ఒక్క మాట కడుపుల నుంచి ఎల్లెతందుకు. ఎల్లినంక మీ అన్నకిచ్చిన. మల్ల నీకెక్కడికెల్లి తేవాలె?"

"అన్నకిచ్చింది నాదే అవ్వా. నా బదులే ఆయన తీసుకున్నడు."

"నీదని నాకెర్క లేదు గద. ఎవన్ని చూసి ఇచ్చిన్నో, వానిదే."

ఆమె తిడుతుందని, మన్ను ఎత్తి పోస్తుందని అతను ఎదురుచూశాడు. తిట్టి ఉంటే ఆ తిట్లయినా తన వాటాగా ఇంటికి మోసుకుపోయేవాడు. ఆమె తిట్టలేదు. మరి నేనేం చేయాలవ్వా అని అడిగాడు. ఈరవ్వ నిజంగానే ఆలోచించింది, దారి అడిగినవాడికి చెబుదామన్నట్టు కాసేపు వీధిలోకి చూసింది.

"ఏమో బిడ్డా. ఇంకో మూడేండ్లు గావాలె. గప్పటిదాంక నేనుంటనో ఉండనో."

ఎల్లారెడ్డి బస్సుకు వేళైందని కూడా ఆమే గుర్తు చేసి, మళ్లీ చింతపండు ముందుకు లాక్కుంది. సునీల్ లేవలేకపోయాడు.