ఇంజనీరు గారి అన్నం డబ్బా

చింబోతే రేవులో పడవల కార్ఖానా గేటు దగ్గర నలభై ఏళ్లుగా చేపల పులుసు అమ్ముతున్నాను. చదువుకున్నవాళ్లను చాలామందిని చూశాను గానీ రోములో అనే ఈ ఇంజనీరంతటి ఘనుణ్ణి చూడలేదు. రాజధాని లీమా నుంచి తెల్ల బూట్లు వేసుకుని ఇనుము కొలవడానికి వచ్చాడు మహానుభావుడు.

నా మనవరాలు నెలిదా అక్కడ పడవ అడుగు రేకులకు వెల్డింగు చేసేది. అతుకు వేస్తుండగా ఇనుము ఎంత కాగుతోందో, ఎంత సాగుతోందో అతను కొలవాలి. లెక్క హద్దు దాటితే పిల్లను పనిలోంచి తీసేస్తామని ముందే చెప్పారు. ఆడపిల్లకు ఆ పని దొరకడానికే ఆరేళ్లు పట్టింది.

కొలిచే విద్యను నాకు కూడా చెప్పాడు, గొప్ప కోసం. అతుకు పక్కన వేడి చెప్పే తీగొకటి, సాగుడు చెప్పే పల్చని రేకొకటి అంటించాడు. ఉత్త వేడికే ఆ రేకు లెక్క మారిపోతుందట. అందుకని దాని జోడీ రేకును చిన్న ఇనుప బిళ్ల మీద అంటించి పక్కనే ఆనించాడు. రెండూ ఒకేలా కాగాలి, బిళ్లను మాత్రం అతుకు లాగదు. బిళ్ల చూపినంత తీసేస్తే మిగిలిందే అసలు సాగుడు.

మావాళ్లు వేడి అతుకు పక్కనే అన్నం గిన్నెలు పెట్టి వెచ్చబెట్టుకుంటారు. అది చూసి మొరటు మనుషులని ముక్కు చిట్లించాడు.

మధ్యాహ్నం అతుకు మీద రెండో వరస వేస్తుంటే లెక్క హద్దు దాటి ఎగిరింది. నెలిదా కరెంటు ఎక్కువ పెట్టిందని, రేపటి నుంచి రానక్కర్లేదని కాగితం రాయబోయాడు. పులుసు ఇవ్వడానికి వెళ్లిన నేను తీగల వైపు చూశాను. బిళ్ల ఉండాల్సిన చోట ఒక డబ్బా ఉంది. బిళ్లేమో స్టూలు మీద చల్లగా కూర్చుంది.

"ఈ డబ్బా ఎవరిది నాయనా?" అన్నాను.

పక్కనున్న వెల్డింగు మేస్త్రీ మూత తీశాడు. బాతు మాంసం కలిపిన అన్నం. పండగనాడు తప్ప మాలో ఎవరూ తెచ్చుకోరు.

"ఒక దుంప కుండలో వేసి, ఇంకోటి గూట్లో పెట్టి, కుండలోది ఎందుకు మెత్తబడిందని అడిగినట్టుంది నీ కొలత," అన్నాను.

"ఇవి నీకు తెలిసే విషయాలు కావు మామ్మా."

"తెలియవులే. అన్నం వెచ్చబెట్టుకోవడం మాత్రం మా మొరటువాళ్ల దగ్గరే నేర్చుకున్నట్టున్నావు."

మేస్త్రీ బిళ్లను దాని చోట ఆనించి, అది కాగేదాకా ఆగి, మూడో వరస వేయించాడు. లెక్క హద్దుకు చాలా కిందే ఆగింది. ఇంజనీరు తప్పయిందనలేదు. పరికరం తేడా చేసిందని రాసుకున్నాడు. పరికరానికి నోరుంటే ఉమ్మేసేది.

నెలిదా ఆ రాత వైపు చూడనైనా లేదు. కొత్త రాడ్డు బిగించి, ముఖానికి తొడుగు దించుకుంది.

"కాస్త జరగండి ఇంజనీరు గారూ," అంది. "అతుకు మీద నిలబడ్డారు."