ఏడు తరాల చీటీ

తొమ్మిదో తరగతికి మనిషి వలసల పాఠం చెప్పి, పిల్లలకు ఒక పని ఇచ్చాను. మీవాళ్లు ఎక్కడి నుంచి, ఎప్పుడు ఇక్కడికి వచ్చారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చీటీ మీద రాసుకు రమ్మన్నాను. మిర్యాలగూడలో మాది ప్రైవేటు బడి, క్లాసులో ముప్పై ఆరు మంది. ముప్పై నాలుగు చీటీల్లో ఒకటే మాట: "ఎప్పటి నుంచో ఇక్కడే." ఎంత హాయి!

ప్రవళిక మాత్రం నాలుగు పేజీలు తెచ్చింది. వాళ్లది వేములపల్లి దగ్గర తండా. మా లంబాడీల్లో ఢాడీలని పాటగాళ్లుంటారు. ఏ ఇంటి తాత ఎవరో, ఏ దారిన వచ్చారో తండా తండాకూ తిరిగి పాడడం వాళ్ల పని. ఆ పాటంతా ప్రవళిక నాయనమ్మ రుక్మాబాయికి నోటికొచ్చు. ఎద్దుల మీద ఉప్పు బస్తాలు వేసుకుని రాజస్థాన్ నుంచి దక్కనుకు, అక్కడి నుంచి ఇక్కడికి, ఏడు తరాల పేర్లతో సహా చెప్పింది. పిల్ల దాన్ని చార్టు మీద ప్రపంచ పటం వేసి గీసింది. ఆఫ్రికాలో బయలుదేరిన మొదటి మనుషుల దారి ఎర్రగా, తన తాతల దారి పచ్చగా. చూసి నాకు కళ్లు చెమర్చాయి.

సూర్యాపేటలో బడుల ప్రదర్శన పెట్టారు. బడికొక్కరే వెళ్లాలి. ప్రదర్శన రోజు పొద్దున బడి యజమాని ప్రభాకర్ గారు నన్ను పిలిచారు.

"చార్టు బాగుంది స్వరూప మేడం. మా నిఖిల్ తీసుకెళ్తాడు."

నిఖిల్ ఆయన కొడుకు, ప్రవళిక క్లాసే. "గీసింది ప్రవళిక సార్," అన్నాను.

"వాళ్లు బయటి నుంచి వచ్చినోళ్లని ఆ పిల్లే రాసుకుంది కదా. మన తరఫున లోకల్ పిల్లాడు పోతే బాగుంటుంది."

ఒళ్లు మండిపోయింది. రెండు వందల ఏళ్లుగా ఈ నేల దున్ని, నాట్లేసి, ఉన్నదున్నట్టు రాసినందుకు ఆ పిల్ల బయటిదైందా? నిఖిల్ చీటీ తీసి ఆయన ముందు పెట్టాను. వాళ్ల నాయనమ్మ కృష్ణమ్మ గారి చేతిరాత: "సాగర్ కాలువ వచ్చాక తెనాలి వైపు నుంచి వచ్చాం."

ఆయన ముఖం మాడిపోయింది. "మేం డబ్బు పెట్టి పొలాలు కొనుక్కుని వచ్చాం. దాన్నెవరైనా వలస అంటారా?"

"అనకేమంటరు సార్? మీరొస్తే రావడం, మేమొస్తే వలసనా?"

"మీవాళ్లని బాగానే వెనకేసుకొస్తున్నావే!" అప్పటిదాకా మీరు అన్న మనిషి నువ్వులోకి దిగాడు. పేరు రాసే కాగితం నా మీదికి తోశాడు. "నిఖిల్ పేరు రాసి సంతకం పెట్టు."

క్లాసు టీచరు సంతకం ఉంటేనే అది చెల్లుతుంది. బాణోతు ప్రవళిక అని పెద్ద అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి, కాగితాన్ని నా సంచిలో పెట్టుకున్నాను.

"అయితే రేపట్నుంచి నువ్వు ఈ గేటు దాటి లోపలికి రాకు," అని అరిచాడు.

వరండాలో చార్టు చుట్టి పట్టుకుని ప్రవళిక నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"మేడం, మిమ్మల్ని ఎల్లగొట్టిన్రా? ఇగ మీరు యాడికి వోతరు?"

అద్దె ఇల్లు, బడికి పోయే నా ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. సంచిలో కాగితం ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

"మీ నాయినకు ఫోన్ చెయ్యి," అన్నాను. "ముందైతే సూర్యాపేట బస్సెక్కుదం, పా."