ముఖం కనిపించే షాట్

"ఆ ఒక్క ముక్క మార్చండి చాలు," అన్నాడు నిర్మాత, పల్లీలు నములుతూ. "సినిమాలో లారీ నడిపేది ఆ పూలమొక్కల పిల్లతో 'నువ్వంటే నాకు ప్రేమే' అంటుందిగా? 'నువ్వు నాకు అక్కవే' అనిపించండి. తెరమీద కనిపించేది వీపే కదా, ఎవడికి తెలుస్తుంది?"

ఎడిటరుకి ఒళ్లు మండిపోయింది. ఏడు నెలలు కూర్చి అతికిన సినిమా అది. అందులో ఇద్దరమ్మాయిలూ ఉప్పూ నిప్పూ. ఒకామె నోరు విప్పితే వీధంతా వినపడుతుంది, రెండో ఆమె మొక్కలతో తప్ప మాట్లాడదు. గంటన్నరసేపు పోట్లాడుకుని, అలిగి, చివరికి చెప్పుకునే మాట అదొక్కటే. దాన్ని పీకేస్తే మిగిలేది లారీ, పూలకుండీలు!

అయినా ఎడిటరు పెదవి విప్పలేదు. స్టూడియోలో ఆమెకున్న పేరే బెల్లంకొట్టిన రాయి.

లారీ అమ్మాయికి గొంతిచ్చే డబ్బింగ్ అమ్మాయి ఊరుకునే రకం కాదు. "అక్కేంటండీ? ఆ చూపు చూస్తే ఏ అక్కయినా పారిపోతుంది!"

"ఇచ్చింది చదువు. రేపు సాయంత్రం సినిమా అప్పగించాలి," అని నిర్మాత వెళ్లిపోయాడు.

డబ్బింగ్ అమ్మాయి ఎడిటరు మీదికి తిరిగింది. "రెండేళ్లుగా ఒక్క ఇంట్లో ఉంటున్నాం. మీ అమ్మొస్తే నన్ను స్నేహితురాలన్నావు, సరే అని మింగాను. ఇప్పుడు వీళ్లనీ అక్కాచెల్లెళ్లని చేస్తావా?"

ఆమె వెనకాలే తలుపు ధడాలున మూసుకుంది. కోపం నిర్మాత మీదో తన మీదో ఎడిటరుకే తెలియలేదు. వదిలేసిన షాట్లన్నీ వెతికింది. అదే మాట, ముఖం నిండుగా కనిపించేది ఒకటి దొరికింది. దాన్ని అతికించి, వీపు షాటును చెరిపేసింది.

మర్నాడు నిర్మాత ఎదుటే డబ్బింగ్ అమ్మాయి మైకులో చదివింది. "నువ్వు నాకు అక్కవే." తెరమీద పెదాలు 'ప్రేమే' అంటూ రెండుసార్లు గట్టిగా కలిసి విడిపోయాయి. 'అక్కవే' అనే నోరు ఒక్కసారీ మూతపడదు. సౌండ్ అతను కిసుక్కున నవ్వాడు.

"పాత షాట్ పెట్టు!" అరిచాడు నిర్మాత.

"లేదు. చెరిపేశాను."

"నీకు మతి పోయిందా? ఉద్యోగం పోతుంది!"

"పోనీండి!" బెల్లంకొట్టిన రాయి గొంతుకి గది అదిరింది. "వీపు కనిపిస్తే చాలు, నోటికొచ్చింది అంటగడతారా? ఇంకోమాట. మైకు ముందున్న ఈమె నా స్నేహితురాలు కాదు. నేను ప్రేమించిన మనిషి. మా అమ్మకీ ఇవాళే చెబుతాను."

గలగలా మాట్లాడే పిల్ల చేతిలో కాగితం వదిలేసి ఆమె వైపే చూసింది.

"చూస్తావేం?" ఎడిటరు కసిరింది. "అసలు మాట చదువు."