చోటు మారని మచ్చ

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, మేనత్త, పెద్దమ్మాయి ఉన్నారు. పెద్దమ్మాయి డాక్టరేట్ పూర్తిచేసి, మైక్రోస్కోపు ఫోటోల్లో కణాలను లెక్కపెట్టే పరిశోధన ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఇన్నాళ్ళకు ఒక ల్యాబు వాళ్ళు ఆ రోజే ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి పిలిచారు. ముందుగా కొన్ని ఫోటోలూ, వాటిమీద తాము వేసిన లెక్కా పంపి, అభిప్రాయం చెప్పమన్నారు.

స్లైడు మారినా ఒక మచ్చ మాత్రం ప్రతి ఫోటోలోనూ అదే మూలన ఉంది. అది కణం కాదు, లెన్సు మీది దుమ్ము. వాళ్ళు దాన్నీ కణాల్లో కలిపేశారు.

"వాళ్ళ తప్పు వాళ్ళకే చూపిస్తే ఉద్యోగమిస్తారటే?" అన్నాడు నాన్న.

"ఇవ్వకపోతే పోనీ నాన్నా. దుమ్మును కణమని చెప్పి చేరితే, రోజూ అదే పాట పాడాలి."

"దీని మొండితనం తగలెయ్య! నోరు మూసుకుని సరేననక..." అని మేనత్త అందుకుంది.

అంతలో కంప్యూటర్ మోగింది. పెద్దమ్మాయి మచ్చ ఉన్న ఫోటోను తెర మీదికి తెచ్చుకుని, నిటారుగా కూర్చుంది.

"పద వదినా, నీ దీవెనలు వాళ్ళకీ వినబడేలా ఉన్నాయి" అంటూ అమ్మ ఆడపడుచును బయటికి లాక్కొచ్చి, కూతురి గది తలుపు మూసేసింది.