తొమ్మిది పొరల క్రిస్మస్

డిసెంబరు పదకొండున మూడోసారి కూడా కాగితం చిరిగింది.

ఓంప్రకాష్ కాగితం కోసే మెషీన్ ఆపి మూత ఎత్తాడు. కాగితం బొమ్మలోని పశువుల కొట్టం పైకప్పు గడ్డి, ఒక్కో పరక వేరుగా కనపడేలా సన్నగా తెగాల్సింది, బ్లేడు మొనకు చుట్టుకుని ముద్దయిపోయింది. పొద్దున్నుంచి ఆ ఒక్క ముక్క మీదే ఉన్నాడు. మొదటిసారి కింద పరిచే జిగురు మ్యాట్ తుడవడం మరిచాడు. రెండోసారి బ్లేడు మరీ లోతుగా దిగింది. ఈసారి ఏం తప్పు చేశాడో అతనికే తెలియలేదు. చిరిగిన కాగితం చేతిలో పట్టుకుని అలాగే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

ఆ మెషీన్ సంగతులన్నీ అతని భార్య ప్రతిభకే తెలుసు. చంద్రపూర్‌లో గాంధీ చౌక్ వెనక గల్లీలో వాళ్ళది పెళ్లిపత్రికల దుకాణం. ఓంప్రకాష్ తాత కరీంనగర్ నుంచి వచ్చి పెట్టింది. గిరాకీలతో మాట్లాడటం, అచ్చు వేయించడం ఓంప్రకాష్ పని. కంప్యూటర్ ముందు కూర్చుని గీసేది ప్రతిభ. ఆమె గీసిన గీత వెంట మెషీన్‌లో బ్లేడు పరుగెత్తి కార్డ్‌షీట్ మీద నెమళ్ళు, గణపతులు, పెళ్లికూతుళ్ల పేర్లు కోసేది.

ఆగస్టులో రాజకుమారి దుకాణానికి వచ్చింది. రాజురా బడిలో ప్రతిభతో ఒకే బెంచీ మీద చదువుకున్న మనిషి, ఇప్పుడు చంద్రపూర్‌లోనే ఒక ఆస్పత్రిలో నర్సు. ఆమె పుట్టిల్లు సాస్తి బొగ్గు గని కాలనీలో. అక్కడి చిన్న చర్చికి ఈసారి క్రిస్మస్‌కు ఏదన్నా చేసివ్వమని అడిగింది. మామూలు నక్షత్రం చాలనే అనుకుంది. ప్రతిభ మాత్రం ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు బొమ్మ చేస్తానంది. తొమ్మిది కాగితపు పొరలు, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో వేలెడు సందు, అన్నిటి వెనక దీపాలు. నెలంతా తీరిక దొరికినప్పుడల్లా గీస్తూనే ఉంది. ముందర పెళ్లిళ్ల సీజన్ ఉందని ఓంప్రకాష్ గొణిగాడు. ఆమె వినలేదు.

సెప్టెంబరు ఇరవై ఏడున, గీతలన్నీ పూర్తయిన మర్నాడు, ప్రతిభ కంప్యూటర్ ముందు నుంచి లేవబోయి పడిపోయింది. ముప్పై ఆరేళ్ళ మనిషికి పక్షవాతం వస్తుందని ఎవరూ అనుకోలేదు. మెదడులో ఎడమపక్క రక్తం గడ్డకట్టిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. పూర్తిగా పోయినా ఒక తీరుగా ఉండేదేమో. ఒక్క మాట మిగిలింది. "రేపు." ఆకలైనా రేపే, నొప్పైనా రేపే. అత్తగారు సావిత్రి తల దువ్వుతుంటే రేపు. పక్క తడిసినప్పుడు ఏడుస్తూ రేపు. తను అనాలనుకున్నది అది కాదని ఆమెకు తెలుస్తూనే ఉండేది. ఆ మాట నోట్లోంచి రాగానే ముఖం ముడుచుకుపోయేది.

పడిపోవడానికి మూడు రోజుల ముందు, కుడి చెయ్యి తిమ్మిరెక్కుతోందని, చెంచా జారిపోతోందని ఆమె రెండుసార్లు చెప్పింది. కార్డుల కట్టలు ఎత్తినందుకేలే, బామ్ రాసుకో అన్నాడు ఓంప్రకాష్. ఆ సంగతి అతను డాక్టరుకు చెప్పలేదు, తల్లికి చెప్పలేదు.

వచ్చే మాట మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా వస్తుందని, ఆ తర్వాత నెమ్మదిస్తుందని డాక్టరు అన్నాడు. అతను చెప్పిందంతా విన్నా, ఓంప్రకాష్ మనసులో మూడు నెలలు అన్నదొక్కటే దిగబడింది. అంటే డిసెంబరు ఇరవై ఏడు. దివాళీ పోయింది, నవంబరూ పోయింది, రేపు అన్న మాట పక్కన ఇంకో మాట చేరలేదు. ఒకరోజు దుకాణంలో ఆమె కంప్యూటర్ తెరిస్తే ఆ తొమ్మిది గీతలూ కనిపించాయి. ఈ బొమ్మ క్రిస్మస్‌కు నిలబడితే, ప్రతిభ దాన్ని చూస్తే, మాట వస్తుంది. ఆ ఆలోచన అతనికెలా పుట్టిందో తెలియదు. పిచ్చి ఆలోచనేనని తెలుసు. అయినా వదల్లేకపోయాడు.

రాజకుమారి ఫోన్ చేసి, బొమ్మ సంగతి మర్చిపొమ్మంది, చర్చివాళ్ళు ఏదో చూసుకుంటారంది. ఓంప్రకాష్ ఒప్పుకోలేదు.

మెషీన్ రెండడుగుల కాగితమే పట్టుకుంటుంది. కాబట్టి ఒక్కో పొరను ఆరు ముక్కలుగా కోసి, వెనక పట్టీలతో అతికించాలి. మొత్తం యాభై నాలుగు ముక్కలు. పెళ్లిపత్రికల కోసం వచ్చినవాళ్ళను పక్క దుకాణానికి పంపించాడు. కొన్నాళ్ళకు వాళ్ళు రావడమే మానేశారు. తెల్ల కార్డ్‌షీట్ మీద పొద్దున పెట్టిన వేలిముద్ర మధ్యాహ్నానికి నల్లగా తేలేది. ఈ ఊళ్ళో బొగ్గు పొడి తలుపులు మూసినా లోపలికి వస్తుంది. తల్లి పాత చీరలు తడిపి కిటికీలకు కట్టాడు. భోజనం డబ్బా తెచ్చిన సావిత్రి ఆ తడి చీరల మధ్య కొడుకును చూసి భయపడింది.

"ఓం, గిదేం పని కొడుకా. ఆమె దగ్గర గడియసేపన్న కూసుంటలేవు. పొద్దుందాక గీ కాయితాలే."

"ఆమె కోసమేనే," అన్నాడు అతను, మెషీన్ మీంచి కళ్ళు తీయకుండా.

అది సగమే నిజం. ఇంట్లో కూర్చుంటే ప్రతిభ అతన్ని చూసేది. ఆ చూపుకు అతను లేచి దుకాణానికి వచ్చేసేవాడు. మెషీన్ ముందు కూర్చుంటే ఆ గరగర చప్పుడులో ఏమీ ఆలోచించనక్కర్లేదు.

పంతొమ్మిదో తారీఖుకు ముక్కలన్నీ తెగాయి. అప్పుడు తెలిసింది అసలు కష్టం. ప్రతిభ పొరలకు నంబర్లు వేయలేదు. ఫైళ్ళకు పేర్లు పెట్టుకుంది: పత్తి, గుట్ట, షిఫ్టు, అలాంటివి. ఏది ముందో ఏది వెనకో ఆమె తలలోనే ఉంది. ఫోన్‌లో ఒక్కో ఫొటో తీసుకుని ఇంటికెళ్ళి ఆమె ముఖం ముందు పెట్టాడు. ఇది ముందా, ఎనుకా అని అడిగాడు. రేపు అంది. ఇంకోటి చూపించాడు. రేపు. ఐదో ఫొటోకు ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

తనకు తోచిన వరుసలో పెట్టాడు. కొట్టం, అందులో తల్లీ బిడ్డా ముఖ్యం కాబట్టి వాళ్ళను అందరికంటే ముందు నిలబెట్టాడు. మనుషుల వీపులు మాత్రమే కనిపించే పొర ఒకటుంది. వీళ్ళెవరో వెళ్ళిపోతున్నవాళ్ళు అనుకుని వెనక పెట్టాడు. మధ్యవి ఎలా కుదిరితే అలా. చెక్క చట్రంలో బిగించి దీపాలు వేశాడు. మధ్యలో ఒక మొద్దు నీడ కనపడింది. చుట్టూ తెల్లటి కాగితాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. చాలాసేపు చూశాడు. బాగుందని తనకు తాను చెప్పుకోవాలని చూశాడు.

ఇరవై రెండున పదకొండు గంటలకు ప్రతిభను ఆటోలో తీసుకొచ్చాడు. ఎత్తుకుని దించి బొమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, షట్టరు సగం దించి, దీపాలు వేశాడు. బొమ్మను కాదు, ఆమె పెదవులనే చూస్తూ నిలబడ్డాడు.

ప్రతిభ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందుకు వంగింది. ఎడమచెయ్యి చాచి కొట్టం పైకప్పును పట్టుకుంది. వారం రోజులు కష్టపడి కోసిన ఆ గడ్డిని గుప్పిటతో పట్టుకుని ఒక్క లాగు లాగింది. తల్లి బొమ్మ సగానికి చిరిగింది. మళ్ళీ చెయ్యి చాచింది.

ఓంప్రకాష్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నీ కోసమే గదా చేస్తున్న. ఏం కావాల్నో చెప్పు. ఒక్క మాట చెప్పు, ప్రతిభా."

"రేపు," అంది ఆమె. మళ్ళీ, ఇంకా గట్టిగా, "రేపు. రేపు."

అతను ఆమె చెయ్యి వదిలాడు. మణికట్టు మీద తన వేళ్ళ గుర్తులు ఎర్రగా కనిపించాయి. బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. గల్లీలో జనం పోతున్నారు. ఎవరో పలకరిస్తే తలూపాడు. ఇరవై ఏడుకు ఇక ఐదు రోజులు. ఆ ఐదు రోజుల్లో ఏమీ జరగదని అప్పుడు అతనికి మొదటిసారి నమ్మకం కలిగింది. ముఖం మోకాళ్ళ మీద పెట్టుకుని, దుకాణం ముందు, పట్టపగలు, ఏడ్చాడు.

రాజకుమారి డ్యూటీకి పోతూ, చర్చివాళ్ళు థర్మకోల్ నక్షత్రం తెచ్చుకున్నారని చెప్పిపోదామని వచ్చింది. అతన్ని చూసి, షట్టరు కింద నుంచి వంగి లోపలికి పోయింది. అరగంటైనా బయటికి రాలేదు. లోపల కాగితాల చప్పుడు వినిపిస్తుంటే ఓంప్రకాష్ లేచి తొంగిచూశాడు.

చట్రం విప్పేసి ఉంది. రాజకుమారి నేల మీద కూర్చుని రెండేసి పొరలు ప్రతిభ ఎదుట నిలబెట్టి పట్టుకుంటోంది. ఏమీ అడగడం లేదు. ప్రతిభ ఎడమచేత్తో ఒకదాన్ని తన వైపుకు లాగుతోంది, ఇంకోదాన్ని తోస్తోంది. తప్పు పెడితే విసుగ్గా నేల మీద ఎడమకాలితో కొడుతోంది.

"అన్నా, ఆమెకు మాటే పోయింది, తెలివి పోలే," అంది రాజకుమారి. "నువ్వు నోటితోని అడిగితే ఆమె నోటితోనే చెప్పాలె. అది ఆమెతోని కాదు. చేతికియ్యి."

వీపుల పొర అన్నిటికంటే ముందుకొచ్చింది. తలగుడ్డలు, హెల్మెట్లు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు, అందరూ అటు తిరిగి చూస్తున్నారు. వాళ్ళ వెనక పత్తి చేను, ఆ వెనక షిఫ్టు దిగి టోపీ దీపాలతో వస్తున్న గని మనుషులు, ఆ వెనక గనిలోంచి తవ్విపోసిన మట్టి గుట్టలు. కొట్టం వీటన్నిటి వెనక, చిట్టచివర, దీపాల దగ్గర. ముందు నిలబడినవాడు ఆ గుంపులో ఒకడై, వాళ్ళ భుజాల మీదుగా బిడ్డను చూడాలి. ఓంప్రకాష్ అది ముందూ వెనకా చేసి అంతా మూసేశాడు.

రాజకుమారి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇద్దరే మిగిలారు. ఓంప్రకాష్ ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. చిరిగిన ముక్కను ఒళ్ళో పెట్టుకుని, ఆమె ముఖం చూడకుండా మాట్లాడాడు.

"చెయ్యి తిమ్మిరెక్కుతుందని నువ్వు చెప్పినవ్. రెండుసార్లు చెప్పినవ్. ఆ రోజే దవాఖానకు తీసుకపోతే గిట్ల కాకపోవు. నేను బామ్ రాసుకొమ్మన్న. ఎవరికీ చెప్పలే."

ప్రతిభ ఆ ఒక్క మాట కూడా అనలేదు. చాలాసేపు అతని నడినెత్తి వైపు చూసింది. అతను తలెత్తినప్పుడు ఆమె ముఖంలో కోపం ఉంది. అంత స్పష్టమైన కోపం మూడు నెలల్లో చూడలేదు. ఆమెకు అంతా గుర్తుంది. క్షమించిందో లేదో అతనికి తెలియలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది. కాసేపటికి ఆమె ఎడమచేత్తో కొత్త కార్డ్‌షీట్ చూపించి, మెషీన్ మీద రెండుసార్లు తట్టింది.

కొట్టం ముక్క మళ్ళీ కోశారు. అతను షీటు పెట్టగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది, వేలితో అటుపక్కకు తిప్పింది. కాగితం పీచు ఎటుందో చూసి పెట్టాలని అప్పుడు తెలిసింది. గడ్డి పరక పరకగా తెగింది. విప్పినప్పుడు పాడైన పత్తి ముక్కలు రెండు, గుట్టల ముక్క ఒకటి కూడా మళ్ళీ కోయాల్సొచ్చింది. ఇరవై మూడంతా అందులోనే పోయింది.

ఇరవై నాలుగు మధ్యాహ్నం టెంపో మాట్లాడుకుని, చట్రాన్ని పరుపుల మధ్య నిలబెట్టి, ప్రతిభను డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, బల్లార్‌పూర్ మీదుగా వర్ధా వంతెన దాటి సాస్తి చేరారు. చర్చి గోడకు అప్పటికే థర్మకోల్ నక్షత్రం ఉంది. దాన్ని తీయకుండా పక్కనే బొమ్మ నిలబెట్టి, పొద్దుగూకే వేళకు దీపాలు వేశారు. జనం దగ్గరికొచ్చారు. హెల్మెట్లు చూసి నవ్వుకున్నారు. ఒకావిడ గుట్టలను వేలితో చూపించి, ఇవి మన డంపులే గదా అంది. ఇంకో ముసలాయన బొమ్మ ఎదుట టోపీ తీసి ఊరికే నిలబడ్డాడు. ఎవరు చేసిండ్రు ఇది అని ఎవరో అడిగారు. ఓంప్రకాష్ నోరు తెరిచేలోపే ప్రతిభ ఎడమచేత్తో తన గుండె మీద చప్పుడయ్యేలా కొట్టుకుంది. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె నవ్వలేదు. బొమ్మనే చూస్తోంది, ఎక్కడో ఇంకా ఏదో సరిచేయాలన్నట్టు.

ఇరవై ఏడున ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఏవో బొమ్మలు చూపించి పేర్లు అడిగాడు. కుండ, గొడుగు, పిల్లి. అన్నిటికీ పాత మాటే వచ్చింది. ఇంకొన్నాళ్ళు సాధన చేయించమన్నాడు, ఏ మేరకు వస్తుందో చెప్పలేనన్నాడు. వరండాలో బల్ల మీద ఓంప్రకాష్ ఆమె పక్కన కూర్చున్నాడు. మనసులో గీసుకున్న గడువు దాటిపోయింది. దాని అవతల ఏముందో అతను ఎప్పుడూ ఆలోచించుకోలేదు. ఆటో పిలవడానికి లేవాలి, లేవలేకపోయాడు.

సోమవారం దుకాణం పూర్తిగా తెరిచాడు. ప్రతిభను వెంట తెచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మౌస్ ఎడమవైపుకు మార్చాడు. ఆమె ఒక గీత గీసింది. వంకరగా పోయింది. చెరిపేసింది. మళ్ళీ గీసింది, మళ్ళీ చెరిపేసింది. మధ్యాహ్నానికి తెర మీద ఒక ఆకు అంచు మాత్రం నిలిచింది, అదీ సగం. నుదుటి మీద చెమట పట్టింది. ఓంప్రకాష్ తుడవబోతే ఆమె చెయ్యి పక్కకు నెట్టి, ఇంకో గీత మొదలుపెట్టింది.